మాలలో మానేస్తే చాలనుకున్నాం

మా ఆయన మురళి అయ్యప్ప మాల వేసుకున్న మర్నాడు పొద్దున పూజలో హారతి పళ్ళెం పట్టుకుంటే చెయ్యి వణికింది. చన్నీళ్ళ స్నానం వల్ల అనుకున్నాను. మేముండే ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో నవంబరులో కుళాయి తిప్పితే వచ్చేవి వేడినీళ్ళేనన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. మా అమ్మాయి సహస్ర మాత్రం, "డాడీ, వై ఆర్ యూ షేకింగ్?" అని అడిగింది.

"ఏం లేదమ్మా, ఒంటిపూట భోజనం కదా" అన్నారు.

ఆ సాయంత్రం దీపం వెలిగించబోతూ పడిపోయారు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నారు, కళ్ళు తేలేశారు. అంబులెన్స్ వచ్చింది.

ఎమర్జెన్సీలో డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, రోజుకు ఎంత తాగుతారని. నాకు ఒళ్ళు మండింది. "ఆయన దీక్షలో ఉన్నారు. చుక్క ముట్టరు" అన్నాను.

"అందుకే ఇలా అయింది" అంది ఆమె నెమ్మదిగా. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఇలా ఫిట్స్, వాళ్ళ మాటల్లో విత్‌డ్రాయల్ సీజర్, రావచ్చట. ప్రాణం మీదికే వస్తుందట. నర్సు మాల తీసి నా చేతిలో పెట్టింది. గురుస్వామి తీయాల్సిన మాల. దాన్ని చున్నీలో చుట్టుకుని కుర్చీలో కూర్చుని ఏడ్చాను.

మాది కాకినాడ. ఆయన ఇక్కడ ప్రభుత్వంలో ఇంజనీరు. ఆఫీసు నుంచి రాగానే గ్లాసు పట్టుకునేవారు. నేను గొడవ పెట్టుకుంటే ఒకటే జవాబు: "ఏటా మాలలో మానేస్తున్నానా లేదా? తాగుబోతైతే మానగలడా?" నాకూ నిజమే అనిపించేది. అలా మాని మళ్ళీ మొదలుపెట్టిన కొద్దీ ప్రమాదం పెరుగుతుందని డాక్టరు చెప్పేదాకా తెలీదు. అసలు నేను ఏడాదంతా కార్తీకం కోసమే బతికేదాన్ని. ఆ రోజుల్లో ఆయన తెల్లారకుండా లేచి శరణుఘోష పాడేవారు. పిల్లకు జడ వేసేవారు. నాతో కూర్చుని కబుర్లు చెప్పేవారు. నియమం కాబట్టి వేరే గదిలో చాప మీద పడుకునేవారు, అయినా మొగుడు నాకు దక్కింది ఆ రోజుల్లోనే. మాల తీసిన సాయంత్రం ఆ మనిషి మళ్ళీ వెళ్ళిపోయేవారు.

వార్డులో డయాజిపామ్, థయమిన్ మందులిచ్చి డిటాక్స్ చేశారు, అంటే ఒంటిని తాగుడు నుంచి జాగ్రత్తగా విడిపించారు. తర్వాత సీబీటీకి పంపారు. సైకాలజిస్టు పేరు హెలెన్. "నాకేమన్నా పిచ్చా?" అని మొదటి రోజు దారంతా గొణిగారు. నాకు అర్థమైనంతలో సీబీటీ అంటే ఇదీ: తాగాలనిపించే ముందు మనసులో ఒక ఆలోచన వస్తుంది. దాన్ని పట్టుకోవాలి, నిజమేనా అని నిలదీయాలి, ఆ వేళకు ఇంకో పని పెట్టుకోవాలి.

"దీక్షలో ఉన్నప్పుడు సాయంత్రాలు ఏం చేస్తారు?" అని నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది హెలెన్.

స్నానం, దీపం, భజన. అందరూ స్వామీ అంటారు, ఎవరూ మందు పొయ్యరు అన్నారు ఈయన.

"మరి మాల తీశాక?"

"ఇన్నాళ్ళు ఉన్నాను కదా, ఇక నాకు హక్కుంది అనిపిస్తుంది" అన్నారు.

"మనం పట్టుకోవాల్సిన ఆలోచన అదే" అంది.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత ఆయన స్నేహితుడు రవి ఇంట్లో బార్బీ, అదే బార్బెక్యూ విందు. ఆడవాళ్ళం లోపల, మగవాళ్ళు పెరట్లో పొయ్యి చుట్టూ. రవి ఒక బీరు క్యాను చేతిలో పెట్టి, "మాలలో లేవు కదరా, ఇంకేంటి?" అన్నాడు. ఆయన తాగారు. ఆ వారమంతా తాగారు. నాకు ఆశ చచ్చిపోయింది.

హెలెన్ తిట్టలేదు. "ల్యాప్స్ అయితే, అంటే ఒకసారి జారితే, అంతా పోయినట్టు కాదు" అంది. ఈసారి డాక్టరుకు చెప్పి, మందులతో ఆపాం. తర్వాత హెలెన్ మాతో ఇంట్లో రిహార్సల్ చేయించింది. రవి వేషం నాది. మజ్జిగ గ్లాసు ముందుకు తోసి, "ఏంట్రా, పెళ్ళానికి భయపడుతున్నావా?" అనేదాన్ని. "అమ్మా, యూ ఆర్ టూ గుడ్ ఎట్ దిస్" అని సహస్ర పడీపడీ నవ్వేది. మొదట్లో ఆయన కారు నడపాలనో, యాంటీబయాటిక్స్ వాడుతున్నాననో సాకులు చెప్పేవారు. పోను పోను, "వద్దురా, నేను తాగను" అని ఊరికే అనడం వచ్చింది.

కోరిక పోలేదు. సాయంత్రమయ్యేసరికి ఇప్పటికీ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతారు. "ఇప్పుడు గట్టిగా లాగుతోంది" అని పైకే చెబుతారు. ఇద్దరం సముద్రం దాకా నడుస్తాం. కాసేపటికి తగ్గుతుంది.

ఈ ఏడాది కార్తీకం వస్తుంటే నేనే ఉండబట్టలేక అడిగాను. "డాక్టరు ఒప్పుకున్నారు కదా, మాల వేసుకోరా?"

"వద్దు లక్ష్మీ. మాలకి తీసే రోజుంటుంది. తాగుడు మానడానికి నేను అలాంటి రోజు పెట్టుకోదల్చుకోలేదు."

వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. నేను బెంగపెట్టుకున్న ఆ మాలలోని మనిషి ఏడాదంతా ఇంట్లో ఉంటారని అప్పటిదాకా ఊహించుకోవడానికే భయపడ్డాను. ఇంకా పూర్తిగా రాలేదు. వస్తున్నారు.

నా అనుభవంతో ఒక్క మాట చెబుతాను. మీ ఇంట్లో రోజూ తాగే మనిషి దీక్ష కోసం రేపటి నుంచి మానేస్తానంటే సంబరపడిపోకండి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఎంత తాగుతారో ఉన్నదున్నట్టు చెప్పండి. స్వామి ఆగుతాడు. ఒళ్ళు ఆగదు.