అరువు గొంతు

కంప్యూటర్ సైన్స్ విభాగంలో అందరూ ఆవిణ్ణి మైకక్క అంటారు. యాభై దాటిన మనిషి. కంప్యూటర్‌ను ముట్టుకుంటే ఎక్కడ షాక్ కొడుతుందోనని భయం. అయినా నాలుగేళ్లుగా ప్రతి బుధవారం సెమినార్‌లో ముందు వరసలో ఆవిడే. అక్కడ పరిశోధన చేస్తున్న ఒకమ్మాయికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఎవరేమన్నా మైకక్క ఆ పిల్లకు చేతులతో చెబుతుంది. పిల్ల చేతులతో అన్నది మైకు పట్టుకుని తన గొంతుతో అందరికీ చెబుతుంది. పిల్ల ‘నేను’ అంటే ఈవిడా ‘నేను’ అనే అనాలి. సొంత మాట ఒక్కటి కలపకూడదు, తియ్యకూడదు.

ఈ విద్య ఆవిడకు ఉగ్గుపాలతో అబ్బింది. తల్లికి వినపడదు, బట్టలు కుట్టి పెంచింది. మైకక్కకు తొమ్మిదేళ్లప్పుడు లెక్కల మాస్టారు తల్లిని బడికి పిలిపించి, "మీ అమ్మాయికి నోరెక్కువ, లెక్కలు సున్నా" అన్నాడు. మన గడుగ్గాయి ఊరుకుంటుందా? "నేను లెక్కల్లో ఫస్టట" అని సైగ చేసేసింది. తల్లి పొంగిపోయి మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేసింది. పాపం, ఆయన బిత్తరపోయాడు.

వారం తిరక్కుండా ప్రోగ్రెస్ కార్డు ఇంటికొచ్చింది. తల్లి కొట్టలేదు, తిట్టలేదు. కుట్టుమిషను ఆపి, "నాకున్న చెవులు నువ్వే. అవే అబద్ధం చెబితే నేనెవరి దగ్గరికి పోవాలి?" అని సైగ చేసింది. ఆ రోజు ఏడ్చిన ఏడుపు మైకక్క ఇప్పటికీ మరిచిపోలేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, లెక్కలు మాత్రం ఆ తర్వాతా రాలేదు. విభాగాధిపతికి అదే గుర్రు. "ఓనమాలు తెలీని మనిషి సిద్ధాంతాలేం చెబుతుంది?" అని కనపడ్డవాళ్ళందరి దగ్గరా అనేవాడు.

ఆ బుధవారం పిల్ల మొదటిసారి తన సొంత ఫలితం చెబుతోంది. ఎంత పెద్ద దారుల పటంలోనైనా సరే, తన పద్ధతిలో వెతికితే పట్టే అడుగులు ఫలానా హద్దుకు మించవని నిరూపణ. ఇద్దరూ నెల రోజులు సాధన చేశారు. మైకక్కకు నిరూపణ అర్థమైతే ఒట్టు. కంఠతా మాత్రం వచ్చేసింది.

గది కిటకిటలాడుతోంది. పిల్ల సుద్దముక్కతో బోర్డు నింపుతూ, మధ్యమధ్య ఇటు తిరిగి సైగ చేస్తూ బాగానే నడిపింది. సగంలో కాస్త తడబడింది. ‘హద్దుకు మించవు’ అనవలసిన చోట ఆ చేతులు ‘హద్దుకు తగ్గవు’ అన్నాయి.

మైకక్క ఆ తేడా పట్టేసింది. నలభైసార్లు పలికిన వాక్యమాయె! దిద్దేస్తే ఎవరికి తెలుస్తుంది? కానీ దిద్దడానికి ఆ మాట తనది కాదే.

"అడుగులు ఆ హద్దుకు తగ్గవు" అంది మైకులో.

విభాగాధిపతి చెయ్యెత్తాడు. "ఆగండమ్మా. బోర్డు మీద మించవని శుభ్రంగా రాసుంది. తలకిందులు చేసింది మీరు. నేను అనుకుంటూనే ఉన్నా. వచ్చే వారం నుంచి వేరే మనిషిని చూసుకుంటాం." వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

పిల్ల ఏమైందన్నట్టు మైకక్క వంక చూస్తోంది. "ఏం లేదు, కానివ్వు" అని సైగ చేస్తే పిల్ల బెదరకుండా గట్టెక్కుతుంది. తన అవమానం తన చేతులతో తనే చెప్పుకునే ఖర్మా తప్పుతుంది. మైకక్క మైకు ఒళ్ళో పెట్టుకుని, తలకిందులు చేసిందన్న మాటా, వేరే మనిషిని చూస్తామన్న మాటా, చివరికి ఆ నవ్వు కూడా, ఒక్కటీ మింగకుండా చెప్పింది.

పిల్ల ఒక్క క్షణం తన చేతుల వంక చూసుకుంది. సుద్దముక్క కింద పెట్టింది. చేతులు కదిలాయి. మైకక్క మైకు అందుకుంది.

"తప్పు నాది. నిరూపణ బోర్డు మీద ఉన్నదే. నా చేతులు తడబడ్డాయి."

పిల్ల వేలు మైకక్క వైపు చూపించి ఇంకేదో అంది. మైకక్క మైకు ఎత్తి మళ్ళీ దించేసింది. కళ్ళు నిండిపోయాయి. నాలుగేళ్లలో ఆవిడ ఆగిపోవడం అదే మొదలు.

పిల్ల మళ్ళీ మొదటి నుంచీ, నెమ్మదిగా, అదే సైగ చేసింది. చివర్న, "చెప్పక్కా. నువ్వు మార్చవుగా" అంది.

మైకక్క చెంగుతో మొహం తుడుచుకుని లేచి నిలబడింది.

"ఆవిడ నా మాట ఒక్కటి కూడా మార్చలేదు, తప్పు మాటతో సహా. ఆవిణ్ణి తీసేస్తే ఈ గదిలో నేనింక మాట్లాడను."