మామ కోసం తాగిన మక్కల విస్కీ

ఇరవై మూడేళ్ల వయసులో, ఈ లోకంలో నాకు తెలియని సంగతంటూ లేదని గట్టి నమ్మకం ఉండేది. ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, మందమర్రిలో గని ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరాను. హైదరాబాద్‌లో రెండేళ్లు చదివొచ్చానన్న ధీమాతో, ఫారిన్ విస్కీలన్నీ రుచి చూసినట్టు కోతలు కోసేవాణ్ణి. (చూసింది ఒక్క బీరు. అదీ సగం.) ఆ కోతలు నమ్మినవాడు, లేదా నమ్మినట్టు కనిపించినవాడు, మా మేనమామ ఒక్కడే.

మామ ముప్పై ఏళ్లు భూమి లోపల బొగ్గు కొట్టినవాడు. ఇప్పసారా చుక్క నాలుక మీద వేసుకుని, అది ఏ ఊళ్లో కాచిందో, పువ్వు ఎన్ని రోజులు నానిందో చెప్పేవాడు. ఆ ఏడు ఆయన ఊపిరితిత్తులు ధూళితో నిండిపోయాయని, ఇక నెలలేనని డాక్టర్ చెప్పేశాడు. మామ కొడుకు, దుబాయ్‌లో ఉండే మా బావ, సెలవు పెట్టి వచ్చాడు. వస్తూ విమానాశ్రయంలో ఒక అమెరికా సీసా కొనుక్కొచ్చాడు.

ఆదివారం పొద్దున మామ మంచం చుట్టూ చేరాం. సీసా మీది ఇంగ్లీషు చదివే పని నాకు పడింది.

“బోర్బన్ అట మామా. మక్కలతోని జేస్తరట. నూటికి అరవై పాళ్లు సారానే. లోపల కాల్చి బొగ్గు జేసిన పీపాల ఏండ్లకేండ్లు పెట్టి, ఆఖర్ల ద్రాక్షసారా పీపాలకు మారుస్తరట.”

“బొగ్గుల పెడితే రుచొస్తదా?” అన్నాడు మామ. “నేను ముప్పై ఏండ్లు బొగ్గులనే ఉంటి గదరా. నాకేమొచ్చింది?”

అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారి ఎంతకీ ఆగలేదు. అత్త బూడిద పోసిన డబ్బా నోటి దగ్గర పెట్టింది. నల్లగా పడింది.

దగ్గు తగ్గాక బావ మూతెడు పోసిచ్చాడు. మామ దాన్ని నాలుక మీద ఉంచుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. “నీళ్ల లెక్కనే ఉంది. మండుతలేదు గూడ,” అన్నాడు. జబ్బు వల్లో, మందుల వల్లో, ఆయన నాలుక చచ్చిపోయిందని మాకప్పుడే తెలిసింది. “అల్లుడా, నువ్వు అన్నీ తాగినోనివి. జర తాగి ఎట్లుందో జెప్పు.”

బావ నాకో గ్లాసులో పోసిచ్చాడు. ఫారిన్ మందు తాగడమంటే గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేయడమే అనుకున్నాను. చేశాను. గొంతులో కొలిమి రాజుకుంది. కళ్లు కనిపించక నీళ్ల గోళెం వైపు పరుగెత్తి, దారిలో కోళ్ల గంప మీద బోర్లా పడ్డాను. “అయ్యో, పొదుగుడు కోడిరా!” అని అత్త అరిచింది. (నా గురించి కాదు.)

తిరిగొచ్చి, “ముందుగాల మంట. అటెనుక ఇప్పపువ్వు వాసన,” అన్నాను గంభీరంగా.

“అబద్ధం. గంప మీద పడేటోనికి పువ్వు వాసనేడ తెలుస్తది?” అన్నాడు మామ. “అయినా జెప్పు. వినబుద్ధయితుంది.”

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే నా ఉద్యోగం. మూతెడు పోసుకుని, నీళ్లు కలిపి, మెల్లగా తాగి మామకు చెప్పాలి. “ముందు ముక్కుతోని చూడు. నాలుక కొసకు పెట్టు. మింగకు, ఆగు,” అని రొప్పుతూ నేర్పేవాడు. నాలుగో ఆదివారం కోతలు మానేశాను.

“కాల్చిన మక్కకంకి మామా. అటెనుక మాడిన బెల్లం. ఆఖర్ల జర వగరు, నేరేడు పండు తిన్నట్టు.”

మామ నా వైపు చూశాడు. “గది నిజం,” అన్నాడు. ఆయన గొంతు మింగినట్టు కదిలింది.

ఐదో ఆదివారానికి మామ లేడు.

దినాల నాడు ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టాం. బావ ఆ సీసా తెస్తే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. “గిది ఆయన తాగలే బిడ్డా. అల్లుడు తాగిండు. ఆయనకు ఇప్పసారా పొయ్యి.” మిగిలిన విస్కీ తన మోకాళ్లకు రాసుకుంది. నొప్పి జరంత గూడ తగ్గలేదని దుబాయ్‌కి తిరిగెళ్లిన బావకు ఉత్తరం రాయించింది. (రాసింది నేనే.)

ఆ నాలుగు ఆదివారాలూ మామకేదో మేలు చేస్తున్నానని ఎంత పొంగిపోయానో. మంచంలో పడి, ఊపిరందక, ఆయనే నాకు తనకొచ్చిన విద్య అప్పజెప్పి పోతున్నాడని ఆ ఇరవై మూడేళ్ల మొద్దుకు తట్టనే లేదు. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే కోపం రాదు. నవ్వే వస్తుంది, కాసేపు.