మూడో పద్యంలో పిలుపు

పగలు పన్నెండున్నర కాగానే బసవపున్నయ్య పంచె సర్దుకుని హోమ్ థియేటర్ ముందు కూర్చుని పద్యాలు పెట్టుకుంటాడు. ఎర్రుపాలెంలో ఉన్నప్పుడు రేడియో పక్కన టేప్‌రికార్డరు పెట్టి పట్టుకున్న పద్యాలవి. క్యాసెట్లు బూజు పడుతుంటే కూతురు నాగలత అన్నిటినీ ఒక్క సీడీలోకి ఎక్కించింది. రాగం సాగుతుంటే ఆయన వేళ్లు మోకాలి మీద తాళం వేస్తాయి. మూడో పద్యం మధ్యలో, ఆనాటి వంటింట్లోంచి టేపులోకి ఎక్కిన, నిరుడు పోయిన భార్య పద్మావతమ్మ గొంతు వినిపిస్తుంది: "ఏమయ్యా, అన్నం సల్లారుతుంది, లెవ్వు!" "అవ్, వస్తున్నా" అంటూ లేచి, చేతులు కడుక్కుని వడ్డించుకుంటాడు. ఆ వేళకి నాగలత బడిలో పాఠం చెబుతూ ఉంటుంది.

మొన్న సోమవారం ఆమె బడికి వెళ్లే ముందు గీతలు పడ్డ సీడీ పారేసి, కంప్యూటర్ షాపులో బాగుచేయించిన కొత్తది పెట్టింది. "గరగర లేదు, పక్కమాటలు లేవు. ఎంత సాఫ్‌గుందో ఇను నాన్నా!" పన్నెండున్నరకు ఆయన దాన్నే పెట్టుకున్నాడు. మూడో పద్యం అయిపోయింది. నాలుగోదీ, ఐదోదీ అయిపోయాయి. మోకాలి మీద వేళ్లు ఎప్పుడో ఆగాయి. సాయంత్రం నాలుగున్నరకు నాగలత బడి నుంచి వచ్చి, "ఇంకా తినవేంది నాన్నా?" అంది.

ఆయన స్పీకరు వైపే చూస్తూ అన్నాడు: "మీ అమ్మ ఇంకా పిలవలే గదమ్మా."