కార్మికుడు అని రాశాను

థర్మల్ కేంద్రం వచ్చాక రాయచూరు పక్కన దాని బూడిదతో ఇటుకలు చేసే చిన్న కార్ఖానాలు వెలిశాయి. అలాంటి ఒకదాని ఆఫీసులో నేను టైపిస్టుని. పనిచోట పాటించాల్సిన జాగ్రత్తలను కన్నడంలో, తెలుగులో రాసే పని నాకే అప్పజెప్పారు. 'సున్నం తొట్టి దగ్గర ప్రతి కార్మికుడికీ రబ్బరు బూట్లు ఇవ్వాలి' అని రాశాను. భాష బాగుందని మేనేజరు మెచ్చుకున్నాడు.

తొట్టి దగ్గర సగం మంది ఆడవాళ్లే. స్టోరు చూసే ఆయన మాత్రం ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివి బూట్లు మగవాళ్లకే ఇచ్చాడు. ఒక మధ్యాహ్నం ఆ ఆడవాళ్లలో పెద్దావిడ నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. కాగితంలో ఏముందో ఎవరో చెప్పారట.

"గా కాగితంల మేం లేమంట గద మేడం?" అంది.

"అందరూ అండ్లనే వస్తరక్కా. రాసే పద్ధతే గట్ల," అన్నాను.

ఆమె తిరిగి తొట్టి దగ్గరికి వెళ్లిపోయింది. స్టోరు పది అడుగుల దూరం. నేను లేవలేదు. ఇప్పటికీ కలలో ఆ పది అడుగులూ నడుస్తూనే ఉంటాను, స్టోరు మాత్రం రాదు.

నాలుగు రోజులకు, ఉడుకుతున్న సున్నం పొంగి ఆమె పాదాల మీద పడింది. కాళ్లకు ఉన్నవి హవాయి చెప్పులు. ఆసుపత్రిలో ఎడమ కాలి వేళ్లు తీసేశారు.

మేనేజరు చెబుతుంటే రిపోర్టు టైపు చేశాను. 'కార్మికురాలి అజాగ్రత్త వల్ల' అన్న చోట చేతులు ఆగిపోయాయి. నేనూ ఆడదాన్నే. నా కాగితాల్లో ఆడవాళ్లకు మొదటిసారి చోటు దొరికింది తప్పు మోపడానికి. అయినా చివరిదాకా టైపు కొట్టి సంతకానికి పెట్టాను.

ఆ వారమే జాగ్రత్తల కాగితం తిరగరాశాను. 'ఆడవాళ్లైనా మగవాళ్లైనా, పనిచేసే ప్రతి ఒక్కరికీ' అని. పొడుగైందన్నాడు మేనేజరు. ఒక్క మాట కూడా తీయనన్నాను. చిన్న సైజు బూట్లు తెప్పించారు.

ఆమె మళ్లీ పనికి రాలేదు. ఇంటికి వెళ్లి కొత్త కాగితం చదివి వినిపించాను. కట్టు కట్టిన కాలు మంచం మీద చాపుకుని, కళ్లు మూసుకుని విన్నది.

"మంచిగ రాసిండ్రు మేడం," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. రిపోర్టులో ఏం టైపు కొట్టానో చెప్పాలనే వెళ్లాను, చెప్పకుండానే లేచి వచ్చేశాను. ఏడాది తిరక్కముందే ఆమె కుటుంబమంతా దేవదుర్గ వైపు వెళ్లిపోయిందని విన్నాను. ఏ ఊరో కనుక్కోలేదు.