మూగ సినిమా ఎడమ అంచు

1997 ఎండాకాలం. మేడ్చల్‌లో ఒక పాత టాకీసులో ఆపరేటర్‌గా నాకది పద్దెనిమిదో ఏడు. ఆపరేటరంటే హాలు వెనక ఇరుకు గదిలో ప్రొజెక్టర్ నడిపేవాడు. రీలు తెగితే తిట్లు తినేదీ అతనే. అయినా నాకు గర్వం బోలెడు. చప్పుడు వింటే చాలు, మెషిన్‌లో ఏ స్క్రూ వదులైందో చెప్పేవాణ్ని. అడగకపోయినా చెప్పేవాణ్ని.

ఒక పొద్దున మచ్చ బొల్లారం నుంచి సక్కుబాయమ్మ అనే రిటైర్డ్ టీచరు రెండు రేకు డబ్బాలతో ఆటో దిగింది. మా యజమాని చిన్నప్పుడు ఆమె దగ్గర చదువుకున్నాడట. మ్యాట్నీ వరకు హాలు ఆమెదే అన్నాడు. డబ్బాల్లో ఉన్నది సినిమాలకు మాటలు రాకముందు కాలం నాటి ప్రేమ కామెడీ.

“హీరో మా నాయిన, హీరోయిన్ మా అమ్మ” అందామె.

పెళ్లికి ముందు బొంబాయిలో ఇద్దరూ ఆ ఒక్క సినిమాలోనే నటించారట. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. కాపీ ఆమె మేనమామ ట్రంకు పెట్టెలో ఉండిపోయింది.

“వాళ్లిద్దరు మాట్లాడుకోంగ నేనెన్నడు సూడలే తమ్మీ. ‘అన్నం తినుమని మీ నాయినకు చెప్పు’ అనేది అమ్మ. ఆయన గోడ దిక్కు మొఖం పెట్టి, ‘ఆకలైతలేదని చెప్పు’ అనేటోడు. నడుమ నేను. ఇప్పుడు ఇద్దరు లేరు. ప్రేమ పెండ్లేనని అందరంటరు. ఒక్కపారన్న మనసార నవ్వుకున్నరా లేదా, గదొక్కటి సూడాలె.”

రీలు చేతిలోకి తీసుకుని చూశాను. ఎండి కుంచించుకుపోయింది. ప్రొజెక్టర్ పళ్లు పట్టుకునే రంధ్రాలు చాలాచోట్ల చిరిగాయి. ఒక్కసారి ఆడినా అదృష్టమే అనిపించింది. ఆ మాట ఆమెకు ముందే చెప్పాను.

అలవాటు కొద్దీ, రీలు మీది శబ్దాన్ని చదివే సౌండ్ ల్యాంప్ కూడా వేశాను. రేకుల షెడ్డు కూలినట్టు స్పీకర్లు గర్జించాయి. “మూగ సినిమా గదా తమ్మీ, గీ లొల్లేంది?” అని కింద నుంచి కేకేసిందామె. పాత రీలు ఇంతే అని విసుక్కుని ల్యాంప్ ఆర్పేశాను. అక్కడే ఆలోచించాల్సింది. నాకన్నీ తెలుసు కదా, ఆలోచించలేదు.

తెర మీద సైకిలు హీరో, మామిడికాయలమ్మే హీరోయిన్. ఆమె గంపతో తరుముతుంటే అతను పరుగు. “ఇంట్ల గూడ గిదే కత!” అని సక్కుబాయమ్మ ఒకటే నవ్వు. ఆ తర్వాత హీరో ఒక మెట్టు మీద కూర్చుని ఎడమ పక్కకు తిరిగి ముసిముసిగా నవ్వాడు. అక్కడ ఎవరూ లేరు.

“నేననుకున్నదే. గీడ గూడ నాయినొక్కడే” అందామె. ఆ గొంతులో నవ్వు లేదు.

హీరో మామిడికాయ అటు చాచాడు. చెయ్యి అంచు దాటి మాయమై, కొరికిన కాయతో తిరిగొచ్చింది. దాన్నే అతను ఇష్టంగా తిన్నాడు.

“గదెవ్వలు కొరికిన్రు? మా నాయిన ఒకళ్ల ఎంగిలి ముట్టేటోడే గాదు!”

నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే మెషిన్ ఆపాను. మాటల సినిమా రీల్లో ఎడమ అంచున సన్నని పట్టీ శబ్దానికి వదిలేస్తారు. ఆ పట్టీ తెర మీద పడకుండా అపర్చర్ ప్లేటు, అంటే చదరపు కంత ఉన్న ఇనప రేకు, దాన్ని కప్పుతుంది. మూగ సినిమాలో ఆ జాగాలోనూ బొమ్మే ఉంటుంది. ఈ మెట్టు సీన్లో నా ప్లేటు వాళ్లమ్మను కప్పేస్తోంది. ఇందాక ల్యాంప్ శబ్దమనుకుని చదివింది కూడా ఆ అంచున ఉన్న బొమ్మనే, అందుకే స్పీకర్లు గర్జించాయి.

కిందికెళ్లి తప్పు ఒప్పుకున్నాను. “మళ్లీ వెనక్కి చుట్టి వేస్తే రీలు తెగొచ్చమ్మా” అన్నాను.

“తెగితె తెగనీ. నాయినొక్కన్నే దాసిపెట్టుకొని నేనేం జేసుకోవాలె?”

స్పేర్ ప్లేటు తీసి ఆకురాయితో కంత పెద్దది చేశాను. దీపం ముందు రీలు నడిచే గేట్లో బొమ్మ తలకిందులుగా ఉంటుంది కాబట్టి ఏ పక్క అరగదీయాలో రెండుసార్లు చూసుకున్నాను. తెర ఎడమ అంచును కప్పే నల్లగుడ్డ జరిపి, దేవుణ్ని తలుచుకుని మెషిన్ వేశాను.

వాళ్లమ్మ ఉంది. గోడకు ఆనుకుని, మామిడికాయ లాక్కుని, కొరికి, అతనికే ఇచ్చింది. అతను ఏదో అనేసి లేచి బొమ్మలోంచి వెళ్లిపోయాడు. సీను అయిపోయింది కానీ కెమెరా ఇంకా తిరుగుతోంది. ఆమె ఆ సంగతే మరిచి, అతను పోయిన దిక్కే చూస్తూ, పైట నోట్లో కుక్కుకుని ఊగిపోయి నవ్వింది.

సక్కుబాయమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. “గిది యాక్టింగు గాదు తమ్మీ! నవ్వాగకపోతె మా అమ్మ గట్లనే పైట నోట్ల కుక్కుకునేది. పక్కింటోళ్ల తోటి నవ్వంగ సూసిన. నాయినను సూసి నవ్వంగ ఇయ్యాలనే సూస్తున్న!”

ఆ మాట పూర్తయ్యేలోపే రీలు తెగి తెర తెల్లబడింది. అతికిస్తానన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని వద్దంది.

“సాలు తమ్మీ. ఇన్నేండ్లు అమ్మ ఫోటో ఒక అర్రల, నాయిన ఫోటో ఇంకో అర్రల పెట్టిన. జల్దీ ఇంటికి పోవాలె. ఇద్దర్ని ఒక్క గోడకే పెడ్త.”

డబ్బాలు ఆటోలో పెట్టి వచ్చి, అరగదీసిన ప్లేటును మెషిన్ పక్కనే మేకుకు తగిలించాను. బొమ్మ తేడాగా కనిపిస్తే రీలును తిట్టుకునే ముందు నా ప్లేటు చూసుకోవడం ఆ రోజే నేర్చుకున్నాను.