నా ఫోనుకు వేసిన బీగం

హిందూపురంలో మా ఇంటి ముందు గదే నా కుట్టుగది. జాకెట్లు కుడతాను. చట్రానికి బట్ట బిగించి పూసలూ జరీ కుట్టే మగ్గం పని కూడా చేస్తాను. పెళ్లిళ్ల కాలంలో తల ఎత్తే తీరిక ఉండదు. మా ఆయన పెనుకొండ దారిలో ఒక కంపెనీకి షిఫ్టులకు పోతాడు. మాకు ఒక్కతే కూతురు. ఇది జరిగినప్పుడు పదో తరగతి చదువుతూ ఉండింది.

అప్పట్లో నా ఫోను నాదని మా ఇంట్లో ఎవరూ అనుకునేవాళ్లు కాదు. నేనూ అనుకోలేదు. నీళ్ల చెంబు ఎత్తుకున్నంత సులువుగా ఎవరు పడితే వాళ్లు ఎత్తుకునేవాళ్లు. తెర మీద వేలితో గీసే గీత ఇంట్లో అందరికీ తెలుసు, పక్కింటివాళ్లకూ తెలుసు. పాప పాఠాలు, మా ఆయన క్రికెట్, ఊరి నుంచి వచ్చినప్పుడు మా అత్త చూసే భజనలు, అన్నీ అందులోనే. జాకెట్టు సరిపోయిందో లేదో చూడమని ఆడవాళ్లు పంపే ఫోటోలూ అందులోనే ఉండేవి. వీపు దగ్గర బిగువుగా ఉందని ఒకరు, చంక కింద ముడత పడిందని ఒకరు. అవి ఇంకెవరి కంటనైనా పడతాయేమోనన్న ఆలోచనే నాకు రాలేదు.

ఒకరోజు స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. కొన్నాళ్లు లేదనుకున్నాను. తర్వాత మా ఆయనకు చెప్పాను. హిందూపురంలో చూపిస్తే ఆస్పత్రి మెట్ల మీదే తెలిసినవాళ్లు ఎదురవుతారని ధర్మవరం పోయాం. పట్టుచీరల మీదికి జాకెట్టు గుడ్డ తేవడానికి నేను అక్కడికి పోతూనే ఉంటాను కాబట్టి ఎందుకని ఎవరూ అడగలేదు. స్కానింగ్ చేసి, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం రావడానికి కొన్నాళ్లు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. "ఈ కాగితాలు పోగొట్టుకోవద్దమ్మా" అంటే, బయట బెంచీ మీద కూర్చుని వాటిని ఫోనులో ఫోటో తీసుకున్నాను.

ఫలితం వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదని అనుకున్నాం. పాపకు పరీక్షలు దగ్గరపడుతున్నాయి. నల్లమాడ పక్కన ఉండే మా అమ్మకు రక్తపోటు. మంచో చెడో తేలాక వాళ్ల దగ్గర కూర్చుని, నా నోటితో నేనే చెప్పాలని నా కోరిక.

ఆ ఎదురుచూపుల మధ్యే పెనుకొండలో పెళ్లి వచ్చింది. మా ఆయన చిన్నాయన మనవరాలి పెళ్లి. ముహూర్తం జాకెట్టు నేనే కుట్టాను, వీపంతా నెమళ్లు వేసి. కళ్యాణమండపంలో అందరూ ఆ జాకెట్టు గురించే మాట్లాడుతుంటే నా భయం కాసేపు మర్చిపోయాను.

మా వదిన, అంటే మా ఆయన అక్క, నా పక్కకు వచ్చి కూర్చుంది.

"ఏమ్మే, ఆ జాకెట్టు కుట్టేటప్పుడు ఫోటోలు తీసినావంట కదా. యాడుండాయి, చూపియ్యి."

తీసి చూపించాను. "ఇట్లియ్యి, మా వాళ్లకు గూడా చూపిస్తా" అని ఫోను తీసుకుని వెనక వరసకు పోయింది. ఆమెను ఆపాలని నాకు తోచలేదు. నన్ను పెళ్లికూతురు దగ్గరికి పిలిచారు, కొంగు పిన్నులు సరిచేయడానికి. నేను అక్కడ ఉండగానే ఫోను చేతులు మారింది. నెమళ్ల ఫోటోల తర్వాత వేలు ఇంకో పక్కకు జరిపితే వచ్చేవి ధర్మవరం కాగితాలు. అవి ఇంగ్లీషులో ఉన్నాయని మా వదిన కాలేజీకి పోయే ఒక అమ్మాయిని పిలిచి చదివించిందట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

భోజనాల దగ్గర పాప నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఎవరో పెద్దావిడ వరసలో కూర్చున్న పిల్లను దగ్గరికి తీసుకుని, "మీ అమ్మకు ఇట్లయిందంట కదా బంగారూ, నువ్వే ధైర్యంగా ఉండల్ల" అని కళ్లు తుడుచుకుందట.

"మా, నీకు క్యాన్సరా?" అని అడిగింది పాప. చుట్టూ సాంబారు బకెట్లతో మనుషులు తిరుగుతున్నారు.

చెయ్యి పట్టుకుని మండపం వెనక నీళ్ల డ్రమ్ముల దగ్గరికి తీసుకుపోయాను. "తెలీదు పాపా. పరీక్షకు పంపించినారు. ఇంకా చెప్పలేదు."

"ఊర్లో అందరికీ తెలుసు. నాకెందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్నకు ఏం చెప్పినా ఆ సమయంలో దాని చెవికి ఎక్కలేదు. నా చెయ్యి విడిపించుకోలేదు, అంతే. అన్నం తినకుండానే బయలుదేరాం.

సాయంత్రానికి మా అమ్మ ఫోను చేసింది. పెళ్లికి వచ్చినవాళ్లలో ఎవరి చుట్టాలో మా పుట్టింటి ఊరివాళ్లు ఉన్నారు. "నా కూతురి సంగతి నాకి రచ్చకట్ట మీద కూసున్నోళ్లు చెప్తాండారు. మీ నాయన అన్నం ముట్టల్యా" అని ఏడ్చింది. ఆమెను ఓదార్చడానికి నాకే ఏమీ తెలియని విషయం గురించి అన్నీ తెలిసినట్టు మాట్లాడాను.

వాళ్లందరూ నా మీద జాలిపడ్డారు. చెడు కోరినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా నాకు కోపం వచ్చింది. నా ఒంటిలో ఉన్నదాన్ని గురించి మొదట ఎవరికి చెప్పాలి, ఏ మాటతో చెప్పాలి అన్నది నా చేతిలో నుంచి ఎవరో లాగేసుకున్నారు. గడ్డ సంగతి ఏదైనా కానీ, ఇది మాత్రం మళ్లీ జరగనివ్వను అనుకున్నాను.

మర్నాడు పొద్దున పాప బడికి, ఆయన షిఫ్టుకు పోయాక మిషను మీద గుడ్డ కప్పి, ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. సెట్టింగుల్లోకి నేను అంతకుముందు ఎప్పుడూ పోలేదు. ఒక్కొక్కటే తెరిచి చదివాను. అర్థం కానిచోట వీడియోలు చూశాను. మొదట పాత గీత తీసేసి, నాకు మాత్రమే తెలిసిన అంకెలు పెట్టాను. వచ్చే మెసేజీల్లో ఏముందో తాళం వేసిన తెర మీద కనపడకుండా చేశాను. ఫోటోలు దాచుకోవడానికి వేరే తాళమున్న అర ఒకటి ఫోనులోనే ఉందని అప్పుడే తెలిసింది. ధర్మవరం కాగితాలు అందులోకి జరిపాను.

తర్వాత జాకెట్లు వేసుకుని ఆడవాళ్లు పంపిన ఫోటోలు కనపడ్డాయి. ఆ ఫోటోలు ఉన్న ఫోనే మండపంలో వరస వరసకూ తిరిగింది. పని అయిపోయినవాళ్లవన్నీ తుడిచేశాను. మిగిలినవి అరలోకి పంపాను.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది పిన్ చేయడం. ఏదైనా ఒక యాప్ తెరిచి పిన్ చేసి ఇస్తే, ఎదుటివాళ్ల చేతిలో అది ఒక్కటే పని చేస్తుంది. దాంట్లో నుంచి బయటికి రావాలంటే నా అంకెలు కావాలి. దాన్ని చేతికి అలవాటయ్యేదాకా, సూదిలో దారం ఎక్కించినంత సులువుగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేశాను.

ఆ సాయంత్రం మా ఆయన అలవాటుగా నా ఫోను అందుకున్నాడు. గీత గీశాడు. తెరుచుకోలేదు.

"ఇదేమి, నంబరు అడుగుతాంది?"

"ఏం చూడాల్నో చెప్పు, తీసిస్తా."

ఆయన మొహం మారింది. "నా దగ్గర గూడా దాపరికమా?"

"గడ్డ ఉండాదని మొట్టమొదట ఎవురికి చెప్పినా? నీకే కదా. ఎవురికి ఏం చెప్పల్లో నేను చెప్పుకుంటా. ఫోను చెప్పగూడదు."

ఆయన ఫోను అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టాడు. తర్వాత, "క్రికెట్టు పెట్టియ్యి" అన్నాడు. పెట్టి, పిన్ చేసి ఇచ్చాను. వారం తిరిగేలోగా తన ఫోనులోనూ పాత గీత తీసేశాడు.

పరీక్ష ఫలితం వచ్చింది. మామూలు గడ్డే, ప్రమాదం లేదు, అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలు అన్నారు. ఆ ఆస్పత్రి బయటి నుంచే మొదట పాప బడికి ఫోను చేశాను. టీచరమ్మను బతిమాలి దాన్ని పిలిపించుకుని నేనే చెప్పాను. తర్వాత అమ్మకు. ఆ తర్వాతే మిగిలినవాళ్లకు.

ఫోను అడిగినవాళ్లకు ఇవ్వడం మానలేదు. ఆ రోజే ధర్మవరం స్టేషన్‌లో తాడిమర్రి పక్కనుంచి వచ్చిన ఒక పెద్దాయన, కొడుకు ఏ రైలుకు వస్తున్నాడో కనుక్కోవాలని అడిగాడు. నంబరు చెప్పించుకుని నేనే కలిపి, పిన్ చేసి, ఆయన చేతికిచ్చాను. ఆయన తీరిగ్గా మాట్లాడుకుని, తెర పంచెకు తుడిచి తిరిగిచ్చాడు. ఆయన అవసరం తీరింది, నా మనసూ నెమ్మదిగా ఉంది. ఇట్లా అయితే ఎవరికైనా ఇవ్వవచ్చు అనుకున్నాను.

పెద్ద పరీక్ష మా అత్తగారి ఊళ్లో ఎదురైంది. పెనుకొండకు దగ్గర్లోనే ఆ ఊరు. అక్కడ ఊరి అమ్మవారికి దేవర చేసినప్పుడు చుట్టాలందరూ వచ్చారు. మధ్యాహ్నం అరుగు మీద నిండా మనుషులుండగా మా వదిన వచ్చింది.

"నా దాంట్లో చార్జి ల్యా. మీ అన్నకు ఒక మాట చెప్పల్ల, ఫోనియ్యి."

వాళ్లాయనకు కలిపి, పిన్ చేసి ఇచ్చాను. మాట్లాడటం అయ్యాక ఆమె వేలు ఊరుకోలేదు. అటు నొక్కింది, ఇటు జరిపింది. ఫోను కదల్లేదు.

"ఇదేందమ్మే, ఫోనుకు బీగం ఏసినావు? అంత దాచిపెట్టేది ఏముండాది నీ దగ్గర?"

అరుగు మీద అందరూ మా వైపు తిరిగారు. మా ఆయన నేల వైపు చూస్తున్నాడు. అందరికీ వినపడేట్టే చెప్పాను.

"నాకి గడ్డొచ్చిన సంగతి నా బిడ్డకు నేను చెప్పుకోవాల్సింది వదినా. అన్నం తింటాంటే వేరేవాళ్లు చెప్పినారు. దాంట్లో నా దగ్గర కుట్టించుకునే ఆడోళ్ల ఫోటోలు గూడా ఉంటాయి. మాట్లాడుకునేకి ఎప్పుడడిగినా ఇస్తా. తిప్పి చూసేకి మాత్రం ఇయ్యను. నీకే కాదు, ఎవురికీ ఇయ్యను."

"మంచికే కదా అడిగినాం మేము? నీ మీద ప్రేమ ల్యాకనే ఏడ్చినామా?" అని ఫోను నా ఒడిలో పెట్టి లేచిపోయింది.

మా అత్త అంతా విన్నది. కాసేపటికి నా ముందు మజ్జిగ గ్లాసు పెట్టి పోయింది.

ఆ తర్వాత మా వదిన నాతో మాట మానేసింది. ఫోను చేస్తే మా ఆయనకే చేసేది, నేను ఎత్తితే పెట్టేసేది. "పెద్దది కదా, ఒక మాట అనేసి రా, పోతుంది" అన్నాడు మా ఆయన. కష్టం సుఖం అడగడానికి, పలకరించడానికి ఎప్పుడైనా పోతాను కానీ, తప్పు చేశానని మాత్రం చెప్పను అన్నాను. పండక్కి చీర పంపాను, తీసుకుంది. మాట కలపలేదు. అది నన్ను బాధపెట్టలేదని చెప్పను. నా పెళ్లయిన కొత్తలో నాకు జడ వేసింది ఆమె.

కుట్టుగదిలో మాత్రం ఫోటోలు అడిగేటప్పుడే ఆడవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను, చూసి తుడిచేస్తానని. ఒకామె నవ్వి, "అవునా, ఇన్నాళ్లూ నేను భయపడతానే పంపిస్తాంటి" అన్నది. ఆ భయం సంగతి ఆమె అంతకుముందు ఎందుకు చెప్పలేదో నాకు అర్థమైంది. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం మా వదిన చెప్పకుండా హిందూపురం వచ్చింది. చెప్పులు విడిచి, కుట్టుగదిలో స్టూలు మీద కూర్చుంది. నీళ్లిచ్చాను. వాన గురించి, శెనక్కాయ పంట గురించి ఏదో మాట్లాడింది. తర్వాత సంచిలో నుంచి కొత్త ఫోను తీసింది. వాళ్లాయన కొనిచ్చాడట.

"మా కోడలు దీన్ని ఊరికే తిప్పుతాంది. నేను మా చెల్లెలితో ఏం మాట్లాడినానో అంతా దానికి తెలిసిపోతాంది" అన్నది, నా వైపు చూడకుండా. "నీ దానికి ఏసుకున్నావే, అట్లాంటి బీగం నాకి గూడా ఏసియ్యి."

పెళ్లినాటి సంగతి ఎత్తుతుందేమో అనుకున్నాను. ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఫోను తీసుకుని తాళం పెట్టే చోటికి తెచ్చి, ఆమె చేతికే తిరిగిచ్చాను.

"అంకెలు నువ్వు వెయ్యి వదినా."

"నాకేం తెలుస్తాది? నువ్వే ఏదో ఒకటి పెట్టు."

"వద్దు. నాకి గూడా తెలియగూడదు. నీకు గుర్తుండేది, ఇంకెవురికీ తోచనిది వేసుకో."

ఆమె కాసేపు ఆలోచించింది. నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. వెనక ఆమె వేలు తెర మీద నెమ్మదిగా, ఒక్కొక్క అంకె దగ్గర ఆగుతూ పడటం వినిపిస్తోంది.

"ఇంగొకసారి అడుగుతాంది."

"అదే మళ్లీ వెయ్యి" అన్నాను, తల తిప్పకుండా.