ఉచ్చీరమ్మ మాట్లాడని పంక్తి

ఉచ్చీరమ్మ మా బడిలో వంట చేయబట్టి పదకొండేళ్లు. పెద్దకడుబూరు మండలంలో మాదొక చిన్న ప్రాథమిక పాఠశాల. ముప్పై నలుగురు పిల్లలు, ఇద్దరు టీచర్లం. పొయ్యి వెలిగించే ముందు ఆమె కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటుంది. గరిట చేతికి వచ్చాక మాత్రం ఆమె మాటలన్నీ పిల్లలతోనే.

"అంజలీ, జరం ఇడిసిందా? ఇంగో ముద్ద ఎక్కువ తిను."

ఒక్కొక్కరికి ఒక గరిటె అన్నం, ఒక మాట. ఆలూరులో పుట్టిన ఆమె చిన్నప్పుడు బడికి పోలేదు. అమ్మానాన్నల వెంట గుంటూరు వైపు మిరప కోతలకు పోయేది. అక్కడ కూడు పెట్టేవాళ్లు ఎన్నడూ పేరు అడగలేదట. "ఏయ్, ఆలూరు పిల్లా" అని పిలిచి పెట్టేవాళ్లట. ఆ సంగతి ఆమె నవ్వుతూనే చెబుతుంది.

పోయిన జులైలో ఆదోని నుంచి వైదేహి వచ్చింది. సైకాలజీలో ఎమ్మెస్సీ చదువుతోంది, చివరి సంవత్సరం. అన్నం పెట్టేటప్పుడు పేరుపెట్టి పలకరిస్తే, ఆ తర్వాత పిల్లలకు చూసినవి బాగా గుర్తుంటాయా? ఇదీ ఆమె తేల్చుకోవలసిన ప్రశ్న. సెప్టెంబరు ఆఖరుకు నివేదిక ఇవ్వకపోతే ఒక ఏడాది పోతుంది.

"ప్రయోగశాలలో చేస్తే అన్నీ మన చేతిలో ఉంటాయి సార్. కాని కొత్త గది చూస్తేనే పిల్లలు బెదిరిపోతారు. అందుకే వాళ్ల బడిలోనే, వాళ్ల అన్నం దగ్గరే చేస్తాను. దీన్ని క్షేత్ర ప్రయోగం అంటారు" అని నాకు చెప్పింది.

తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకుని, పిల్లల చేత చీటీలు తీయించింది. ఎర్ర చీటీ వాళ్లు ఒక పంక్తి, పచ్చ చీటీ వాళ్లు ఒక పంక్తి. అన్నం, సాంబారు, గుడ్డు అందరికీ ఒకటే. ఎర్ర పంక్తిలో ఉచ్చీరమ్మ ఎప్పటిలాగే పలకరించాలి. పచ్చ పంక్తిలో నోరు తెరవకుండా వడ్డించాలి. తిన్నాక వైదేహి పది బొమ్మలు చూపించి, ఎన్ని గుర్తున్నాయో ఒక్కొక్కరినీ అడుగుతుంది.

"రెండు వారాలే కదా అవ్వా" అని బతిమాలింది.

"నీ సదువు కోసం గదా పాపా. మూసుకుంటాలే" అంది ఉచ్చీరమ్మ.

మూసుకుంది కూడా. పచ్చ పంక్తిలో పెదవులు బిగించి వంగి వడ్డిస్తుంటే అంజలి ఊరుకోలేదు.

"అవ్వా, నా జరం నీ నోటికి పట్టుకుందా?"

పంక్తంతా నవ్వింది. ఉచ్చీరమ్మ కళ్లు కిందికి దించుకుని ముందుకు పోయింది.

రెండు వారాలూ గడిచాయి. వైదేహి లెక్క తీసి చూస్తే రెండు పంక్తులకూ తేడా లేదు. ఎర్ర వాళ్లకు ఏడు బొమ్మలు గుర్తుంటే, పచ్చ వాళ్లకూ ఏడే. వరండాలో కాగితాలు ముందేసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. గిన్నెలు తోముతున్న ఉచ్చీరమ్మ అది చూసి, చేతులు కడుక్కోకుండానే వచ్చేసింది.

"ఏమైంది పాపా?"

"పలకరింపుతో ఏమీ లేదని తేలింది అవ్వా."

ఉచ్చీరమ్మ ఆమె పక్కన చతికిలబడింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"పంక్తిలో నేను మాట్లాడలేదు. దేవుని మీద ఒట్టు. కానీ తిన్నాక ప్లేట్లు కడుక్కోను కొళాయి కాడికి వస్తారు సూడు, ఆడ పచ్చ సీటీ పిల్లోల్లను ఒక్కొక్కరినీ పలకరించినా. ఒక పంక్తిలో ఒక తీరు, ఇంగో పంక్తిలో ఇంగో తీరు పెడితే పంక్తిభేదం గదమ్మా. అన్నం కాడ ఆ పాపం నేను మోయలేను. నువ్వు పంక్తిలోనే వద్దంటివి. కొళాయి కాడ వద్దనలేదు."

కొళాయి దగ్గరి పలకరింపు బొమ్మలు చూపించేదానికంటే ముందే జరిగింది. అంటే రెండు పంక్తులకూ పలకరింపు అందినట్టే.

"ఇంతకు ముందే సెప్పాల్సింది. నీ సదువు సెడగొట్టినానా?" అని అడిగింది ఉచ్చీరమ్మ.

"లేదవ్వా. నువ్వు చేయలేని పని నీకు చెప్పినాను. తప్పు నాదే" అంది వైదేహి. జరిగినదంతా అదే రోజు తన గురువుగారికి రాసి పంపింది. మళ్లీ చేయాలన్నారు. చేతిలో ఉన్నవి ఏడు వారాలు.

దారి చూపింది మళ్లీ ఉచ్చీరమ్మే.

"శ్రావణంలో ఉరుకుంద ఈరన్న సామి కాడికి పోతాను. ఐదు దినాలు నా బదులు బసమ్మ వండుతాది. ఆయమ్మ యాడా నోరు తెరవదు. నేనే ఈడ లేకుంటే, నాకు పాపం యాడ తగుల్తాది?"

వైదేహి లేచి నిలబడింది. "అవ్వా! మనం ఏమీ మార్చకుండా, దానంతట అదే వచ్చిన మార్పును చూసి లెక్క రాసుకుంటే అది సహజ ప్రయోగం!"

"ఏమో తల్లీ. మేము దాన్ని జాతర అంటాము."

ఉచ్చీరమ్మ పోకముందు ఒక వారం, బసమ్మ వడ్డించిన ఐదు రోజులు, ఉచ్చీరమ్మ వచ్చాక ఇంకో వారం. రోజూ కొత్త బొమ్మలు. మొదట ఏడు, బసమ్మ రోజుల్లో అయిదున్నర, మళ్లీ ఏడు. పిల్లలు కొద్దిమందే, వంట చేయి కూడా మారింది కాబట్టి దీన్ని పట్టుకుని పెద్ద మాట అనకూడదని వైదేహి నివేదికలోనే రాసింది. కొళాయి సంగతీ దాచలేదు. గురువుగారు ఒప్పుకున్నారు. ఆ కబురు చెప్పడానికి ఆదోని నుంచి పరుగున వచ్చింది.

"నువ్వు మాట్లాడితే పిల్లలకు బాగా గుర్తుంటోంది అవ్వా!"

ఉచ్చీరమ్మ సంతోషించింది. అంతలోనే ముఖం చిన్నబోయింది.

"అట్లయితే ఆ ఐదు దినాలూ పిల్లోల్లు మర్సిపోయినారా?"

మరునాడు బసమ్మను పిలిపించింది. బసమ్మ హాలహర్వి అవతల, కర్ణాటకలో పుట్టింది, ఇంట్లో కన్నడమే. వచ్చిన కొత్తలో ఆమె తెలుగు విని పిల్లలు నవ్వారు. అప్పటినుంచి నోరు తెరవడం మానుకుంది.

"పేరు పెట్టి పిలువు, సాలు. పేరుకు కన్నడమేంది, తెలుగేంది?" అని ఉచ్చీరమ్మ గరిట ఆమె చేతికిచ్చి వెనకాల నిలబడింది. ప్రతి పిల్ల ముందూ చెవిలో పేరు అందించింది.

బసమ్మ మూడో తరగతి హరికృష్ణ ముందు ఆగి, గొంతు సవరించుకుంది.

"హరికృష్ణా... ఊట ఆయ్తా?"

తిన్నావా అని అడిగిందని వాడికి అర్థమైంది. ఖాళీ ప్లేటు పైకెత్తి చూపించాడు.

"ఇంగా నువ్వు పెడితే గదక్కా తినేది!"

పంక్తంతా నవ్వింది. ఈసారి బసమ్మ కూడా నవ్వి, వాడి ప్లేటులో అన్నం పెట్టి, తర్వాతి పిల్ల పేరేమిటని వెనక్కి తిరిగి అడిగింది.